కేప్ ఇంటి పాము: సహజ జీవనం, ఇంట్లో పెంపకం

లక్ష్యాలు

ఈ పాఠాన్ని చదివిన తరువాత మీరు కింది పనులు చేయగలుగుతారు:

• కేప్ ఇంటి పాము వర్గీకరణను, పేరులో వచ్చిన మార్పులను వివరించడం.
• బాహ్య లక్షణాల ఆధారంగా ఈ పామును వర్ణించడం.
• దాని ఆవాసం, ఆహారం, ప్రత్యుత్పత్తి గురించి రాయడం.
• సహజ జీవనం నుంచి పెంపకపు నియమాలు ఎలా వస్తాయో కారణాలతో చెప్పడం.
• "సులభంగా పెంచదగిన జంతువు" అన్న మాటలోని మంచిని, ప్రమాదాన్ని బేరీజు వేయడం.

1. ప్రస్తావన

ఇంట్లో పాము కనబడగానే మనవాళ్లు ముందు అడిగేది "ఏం పాము?" అని కాదు, "కర్ర ఏదీ?" అని. నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో "ఇదేం పామో చూడండి సార్" అంటూ నా గదికి తెచ్చిన పాముల్లో చాలా భాగం అప్పటికే చచ్చిపోయినవి. వాటిలో కట్లపాము అనుకొని కొట్టి చంపిన వుల్ఫ్ స్నేక్‌లు ఎన్నో. ఒంటిమీద అడ్డపట్టీలు ఉండటమే అవి చేసిన నేరం. విషం లేని ఆ పాము బల్లుల కోసం గోడ పగుళ్లలోకి వస్తుంది. గుర్తింపు అన్నది చంపాక జరిగితే దానివల్ల పాముకూ లాభం లేదు, మనిషికీ లేదు.

ఈ పాఠంలో మనం చదవబోయే పాము మన దేశానిది కాదు, దక్షిణ ఆఫ్రికా ప్రాంతానిది. అయినా దాని కథలో మొదటి సగం మనకు తెలిసినట్టే ఉంటుంది. అది కూడా విషం లేనిదే. ఎలుకల కోసం మనుషుల ఇళ్ల దగ్గరికి వస్తుంది, పొరపాటున చస్తుంది. రెండో సగం మాత్రం వేరు. ఇదే పాము ఐరోపా, అమెరికా దేశాలలో వేలాది ఇళ్లలో గాజుపెట్టెల్లో పెంపుడు జంతువుగా బతుకుతోంది. ఒకచోట ఇంట్లోకి వచ్చినందుకు చంపుతారు, మరొకచోట డబ్బిచ్చి ఇంటికి తెచ్చుకుంటారు.

జంతుశాస్త్ర విద్యార్థికి ఈ పాము నేర్పే ముఖ్యమైన పాఠం ఒకటుంది. ఒక జంతువును సరిగా పెంచడానికి కావలసిన సూచనలన్నీ దాని సహజ జీవనంలోనే ఉంటాయి. వాటిని చదవకుండా పెంచితే ఆ లోటును భరించేది జంతువే. అందుకే ముందు దాని సహజ జీవనాన్ని, తరువాత పెంపకాన్ని చూద్దాం.

2. పేరు, వర్గీకరణ

ఈ పాము శాస్త్రీయ నామం బోయిడాన్ కేపెన్సిస్. దీని వర్గీకరణ ఇలా ఉంటుంది:

వర్గం: కార్డేటా
విభాగం: రెప్టీలియా
క్రమం: స్క్వమేటా
కుటుంబం: లాంప్రోఫిడే
ప్రజాతి: బోయిడాన్
జాతి: కేపెన్సిస్

ఈ జాతిని 1854లో ఫ్రెంచి శాస్త్రవేత్తలు డుమెరిల్, బిబ్రాన్, డుమెరిల్‌ల పేర్ల మీద వర్ణించారు. ఇద్దరు డుమెరిల్‌లు తండ్రీకొడుకులు. బిబ్రాన్ 1848లోనే మరణించినా ఆ పనిలో ఆయన పాలు ఉన్నందున పేరు నిలిచింది. "బోయిడాన్" అంటే బోవా వంటి పళ్లు కలది అని అర్థం. ఈ పాముల దవడల ముందు భాగంలో పళ్లు మిగతావాటికంటే పొడవుగా ఉంటాయి. ఇవి విషపు కోరలు కావు. ఎరను జారిపోకుండా పట్టుకోవడానికి ఉపయోగపడే మామూలు పళ్లు. "కేపెన్సిస్" అంటే కేప్ ప్రాంతానిది అని.

పాత పుస్తకాలు చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. చాలా కాలంపాటు ఈ పాములను లాంప్రోఫిస్ అనే ప్రజాతిలో చేర్చారు. ఆఫ్రికా ఇంటి పాములలో చాలావాటిని లాంప్రోఫిస్ ఫులిజినోసస్ అన్న ఒక్క పేరుతోనే పిలిచిన కాలం కూడా ఉంది. 2011లో కెల్లీ, బ్రాంచ్, బ్రాడ్లీ, మరి ఇద్దరు శాస్త్రవేత్తలు ఈ కుటుంబపు పాముల డి.ఎన్.ఏ.ను పోల్చి ప్రచురించిన పరిశోధనతో బోయిడాన్ ప్రజాతి మళ్లీ వాడుకలోకి వచ్చింది. పెంపుడు జంతువుల వ్యాపారంలో మాత్రం పాత పేర్లు, కొత్త పేర్లు ఇప్పటికీ కలగలిసే ఉన్నాయి. అమ్మేవారు ఒక పేరు చెప్పినంత మాత్రాన ఆ పాము కచ్చితంగా ఆ జాతిదే అనుకోవడానికి లేదు.

బంధుత్వం విషయంలో ఒక ఆశ్చర్యం ఉంది. పైకి చూస్తే ఇంటి పాము మన జెర్రిపోతుకు దగ్గరి చుట్టంలా కనిపిస్తుంది. రెండూ విషం లేనివే, రెండూ ఎలుకలను తినేవే. కాని జన్యు ఆధారాలను బట్టి లాంప్రోఫిడే కుటుంబం జెర్రిపోతు ఉండే కొలుబ్రిడే కుటుంబం కంటే, నాగుపాము, కట్లపాము ఉండే ఎలాపిడే కుటుంబానికి దగ్గరిది. జీవన విధానం ఒకటైనంత మాత్రాన వంశం ఒకటి కానక్కరలేదని, దగ్గరి బంధువులు విషం ఉన్నవైనంత మాత్రాన ఇదీ విషపాము కానక్కరలేదని దీన్నిబట్టి తెలుస్తుంది.

3. బాహ్య లక్షణాలు

కేప్ ఇంటి పాము మధ్యరకం పొడవు గలది. పెద్దవి సాధారణంగా 60 నుంచి 90 సెంటీమీటర్లు ఉంటాయి. కొన్ని ఆడపాములు 120 సెంటీమీటర్లను కూడా దాటుతాయి. మగవి ఆడవాటికంటే స్పష్టంగా చిన్నవి, సన్ననివి. ఒకే జాతిలో ఆడ, మగ జీవుల ఆకారంలో కనిపించే ఇటువంటి తేడాను లైంగిక ద్విరూపకత అంటారు. ఆడపాము శరీరం ఎంత పెద్దదైతే అంత ఎక్కువ గుడ్లు మోయగలదు. ఆడపాము పెద్దదిగా ఉండటానికి ఇదొక ముఖ్య కారణం.

రంగు ఎర్రమట్టి ఛాయనుంచి ముదురు గోధుమ వరకు మారుతుంది. వయసు పెరిగేకొద్దీ రంగు ముదురుతుంది. పొట్టభాగం ముత్యంలా తెల్లగా లేదా లేత పసుపుగా ఉంటుంది. పొలుసులు నున్నగా ఉంటాయి. వెలుతురు పడినప్పుడు వాటి మీద ఇంద్రధనుస్సు రంగుల మెరుపు కనిపిస్తుంది.

గుర్తించడానికి ముఖ్యమైనది తల. తలకు ఇరువైపులా రెండేసి లేత రంగు గీతలు ఉంటాయి. ఒకటి ముక్కు కొసనుంచి కంటి పైభాగం మీదుగా తల వెనక్కు పోతుంది. రెండోది కంటి కింది నుంచి నోటి మూల వైపు దిగుతుంది. కళ్లు తల పరిమాణానికి పెద్దవి, కంటిపాప నిలువు చీలికలా ఉంటుంది. ఇది రాత్రి తిరిగే పాము అని ఆ చీలికే సూచిస్తుంది. అయితే నిలువు కంటిపాప ఉన్నవన్నీ విషపాములన్న నమ్మకం తప్పు. ఈ పామే దానికి సమాధానం.

ఇక్కడ ఒక హెచ్చరిక. పుస్తకంలో చదివిన గుర్తులు దూరం నుంచి చూసి ఆలోచించడానికే తప్ప పామును చేత్తో పట్టుకోవడానికి కాదు. దక్షిణ ఆఫ్రికాలో మొజాంబిక్ స్పిటింగ్ కోబ్రా కూడా గోధుమ ఛాయలోనే ఉంటుంది, అది కూడా ఇళ్లలోకి వస్తుంది. రంగు ఒక్కటే చూసి నిర్ణయించేవారు రెండు విధాలా నష్టపోతారు. విషం లేనిదాన్ని చంపుతారు, లేదా విషం ఉన్నదాన్ని తాకుతారు.

4. ఆవాసం, ఆహారం, దినచర్య

దక్షిణ ఆఫ్రికా, జింబాబ్వే, బోట్స్వానా, మొజాంబిక్ దేశాలలో ఈ పాము విరివిగా కనిపిస్తుంది. గడ్డిభూములు, పొదలు, రాతి నేలలు, పొలాలు, ఊళ్లు, నగరాల శివార్లు, అన్నింటిలోనూ బతకగలదు. పగలు రాళ్ల కింద, పాత చెదపుట్టల్లో, పడిపోయిన మానుల కింద, తోటల్లోని చెత్తకుప్పల్లో, ఇళ్ల పునాదుల సందుల్లో దాగి ఉంటుంది. చీకటి పడ్డాక బయటికి వస్తుంది.

దీని ప్రధాన ఆహారం ఎలుకలు, చుంచులు. బల్లులు, తొండలవంటి వాటినీ తింటుంది. అప్పుడప్పుడు చిన్న పక్షులను, గబ్బిలాలను, కప్పలను కూడా పట్టుకుంటుంది. పిల్లపాములు ఎక్కువగా చిన్న బల్లుల మీద ఆధారపడతాయి. ఎలుక కలుగులోకి దూరి ఒకే రాత్రి అందులోని పిల్లలన్నింటినీ తినగలదు.

విషం లేదు కాబట్టి ఎరను చంపే పద్ధతి వేరు. ముందు పొడవాటి పళ్లతో గట్టిగా పట్టుకుంటుంది. వెంటనే శరీరాన్ని చుట్టలుగా చుట్టి బిగిస్తుంది. ఈ బిగింపువల్ల ఎలుక రక్తప్రసరణ ఆగిపోయి కొద్దిసేపటిలో చనిపోతుంది. ఎముకలు విరగ్గొట్టి చంపుతుందన్నది అపోహ. తరువాత ఎరను తలవైపు నుంచి మింగుతుంది.

"ఇంటి పాము" అన్న పేరు ఎందుకు వచ్చిందో ఇప్పుడు సులభంగా అర్థమవుతుంది. మనిషి ధాన్యం నిలవ చేస్తాడు. ధాన్యం కోసం ఎలుక వస్తుంది. ఎలుక కోసం పాము వస్తుంది. పాముకు మనిషితో పనిలేదు, మనిషి కట్టుకున్న ఇల్లు దానికి మరొక రాతిగుట్ట మాత్రమే. ఇంటి చుట్టూ చెత్త, ఎలుకలు ఉన్నంతకాలం ఒక పామును చంపినా మరొకటి రావడానికి దారి తెరిచే ఉంటుంది.

ఈ పాముకూ శత్రువులు ఉన్నాయి. పాములను తినే గద్దలు, ముంగిసలు, నాగుపాములు, ఇతర పాములను తినే కేప్ ఫైల్ స్నేక్ దీన్ని వేటాడతాయి. ప్రమాదం ఎదురైతే మొదట కదలకుండా ఉండిపోతుంది, లేదా పారిపోతుంది. పట్టుకుంటే దుర్వాసన గల ద్రవాన్ని వదులుతుంది, కరుస్తుంది. ఆ కాటుకు చర్మం మీద చిన్న గీతలు పడి కాస్త రక్తం వస్తుంది, అంతకుమించి హాని లేదు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1

అ) ఇంటి పాము ఏ కుటుంబానికి చెందినది?
ఆ) ఈ పాము ఎరను ఎలా చంపుతుంది?
ఇ) ఆడ, మగ పాములలో ఏది పెద్దది?

సమాధానాలు పాఠం చివర ఉన్నాయి.

5. ప్రత్యుత్పత్తి

ఇంటి పాము గుడ్లు పెట్టే జంతువు. ఒక్కో విడతలో సాధారణంగా 8 నుంచి 18 గుడ్లు పెడుతుంది. గుడ్ల పెంకు కోడిగుడ్డులా గట్టిగా ఉండదు, తోలులా మెత్తగా ఉంటుంది. తడి, వెచ్చదనం ఉన్న చోట, అంటే కుళ్లుతున్న ఆకుల కింద, చెదపుట్టల్లో, చెత్తకుప్పల్లో గుడ్లు పెట్టి తల్లి వెళ్లిపోతుంది. సుమారు రెండు నెలలకు పిల్లలు బయటికి వస్తాయి. అప్పటికి వాటి పొడవు 20 సెంటీమీటర్లకు కాస్త అటూఇటుగా ఉంటుంది. పుట్టిన క్షణం నుంచి అవి స్వతంత్ర జీవులే.

రెండు విశేషాలను గుర్తుంచుకోవాలి. మొదటిది, ఆడపాము ఒకే కాలంలో ఒకటి కంటే ఎక్కువసార్లు గుడ్లు పెట్టగలదు. రెండోది, ఒకసారి జతకట్టాక వీర్యకణాలను శరీరంలో నిలవ ఉంచుకోగలదు. మగపాము దగ్గర లేకపోయినా ఆ నిలవతో మరో విడత గుడ్లు ఫలదీకరణ చెందగలవు. జతగాడు ఎప్పుడు దొరుకుతాడో తెలియని ఆరుబయట ఇది ఎంతో ఉపయోగకరమైన ఏర్పాటు. గాజుపెట్టెలో ఇదే ఎలా సమస్య అవుతుందో తరువాత చూస్తాం.

సులభంగా, తరచుగా గుడ్లు పెట్టడంవల్ల ఈ పాములు ప్రయోగశాలల్లోనూ స్థానం సంపాదించుకున్నాయి. దీని దగ్గరి బంధువైన బోయిడాన్ ఫులిజినోసస్ పిండం గుడ్డులో దశలవారీగా ఎలా ఎదుగుతుందో వర్ణించే పరిశోధన 2012లో వెలువడింది. అంతకుముందు ఇటువంటి దశల పట్టికలు కొద్ది పాములకు మాత్రమే ఉండేవి.

6. పెంపుడు జంతువుగా ఇంటి పాము

పాములను పెంచేవారిలో ఈ పాముకు మంచి పేరుంది. చిన్నది, ఎక్కువ చోటు అక్కరలేదు, విషం లేదు, చేతికి అలవాటు పడుతుంది, ఆహారం ఆవురావురుమని తింటుంది. జాగ్రత్తగా చూస్తే 15 ఏళ్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే బతుకుతుంది. పెంపకపు నియమాలను ఇక్కడ బట్టీ పట్టే జాబితాగా ఇవ్వడం లేదు. ప్రతి నియమం వెనుక ఉన్న సహజ కారణాన్ని గమనించండి.

6.1 వేడి: పాము తన శరీరపు వేడిని తానే పుట్టించుకోలేదు, పరిసరాలనుంచి తీసుకుంటుంది. ఆరుబయట ఎండకు కాగిన రాయి కిందికి పోయి వెచ్చబడుతుంది, వేడి ఎక్కువైతే లోతుకు దిగుతుంది. అందుకే పెట్టె అంతా ఒకే ఉష్ణోగ్రతలో ఉండకూడదు. ఒక వైపు సుమారు 30 డిగ్రీల సెల్సియస్, మరో వైపు 24 లేదా 25 డిగ్రీలు ఉండేలా ఏర్పాటు చేస్తారు. దీన్ని ఉష్ణోగ్రతా ప్రవణత అంటారు. వేడినిచ్చే పరికరానికి థర్మోస్టాట్ తప్పనిసరి. అది లేకపోతే పొట్ట కాలి పుండ్లు పడిన పాములు కనిపిస్తాయి.

6.2 దాపు: పగలంతా రాతి సందులో ఒళ్లు ఆనించుకొని గడిపే జంతువు ఇది. గాజు గోడల మధ్య బయటపడి ఉండటం దానికి గద్ద కంటపడటంతో సమానం. అందువల్ల దాక్కునే గూళ్లు కనీసం రెండు ఉండాలి, వెచ్చని వైపు ఒకటి, చల్లని వైపు ఒకటి. ఒకే గూడు పెడితే పాము వేడినో భద్రతనో ఏదో ఒకటి వదులుకోవలసి వస్తుంది. చాలా పాములు భద్రతనే ఎంచుకొని, తగిన వేడి అందక, తిన్నది అరగక బాధపడతాయి.

6.3 చోటు: పెట్టె పాము ఒళ్లు పూర్తిగా చాపుకోగలిగేంత ఉండాలి. మూత బిగుతుగా ఉండాలి. వేలు దూరని సందులోంచి కూడా పిల్లపాము జారిపోగలదు. ఒక పెట్టెలో ఒకే పామును ఉంచడం మంచిది.

6.4 నీరు, కుబుసం: తాగే నీరు ఎప్పుడూ శుభ్రంగా ఉండాలి. పాముకు కనురెప్పలు ఉండవు. కంటిని కప్పి ఉండే పారదర్శకమైన పొర కుబుసంతోపాటు ఊడిపోతుంది. విడిచేముందు కళ్లు పాలరంగులోకి మారతాయి. గాలిలో తేమ తక్కువైతే కుబుసం ముక్కలుగా ఊడుతుంది, కంటిపొర అంటుకొని ఉండిపోతుంది. ఆ రోజుల్లో తడి నాచు ఉంచిన గూడు ఒకటి అదనంగా పెడితే ఈ ఇబ్బంది తప్పుతుంది.

6.5 ఆహారం: గడ్డకట్టించి నిలవ చేసిన చుంచులను కరిగించి, గోరువెచ్చగా చేసి పెడతారు. చుంచు లావు పాము నడుము లావుకు మించకూడదు. ఎదిగిన పాముకు వారం నుంచి రెండు వారాలకొకసారి ఆహారం చాలు. బతికున్న ఎలుకను పెట్టెలో వదలడం తగదు. ఆరుబయట పాముకు పారిపోయే దారి ఉంటుంది, పెట్టెలో ఉండదు. మూలపడిన ఎలుక పామును కొరికి తీవ్రంగా గాయపరచగలదు. తిన్న తరువాత రెండు రోజులు పామును చేతిలోకి తీసుకోకూడదు, తీసుకుంటే కక్కేస్తుంది. పిల్లపాములలో కొన్ని మొదట్లో చుంచుపిల్లలను ముట్టవు. వాటి సహజాహారం బల్లులని మనం చదివాం కదా! కారణం అక్కడే ఉంది.

6.6 శుభ్రత: సరీసృపాలు జబ్బు పడకుండానే సాల్మొనెల్లా బాక్టీరియాను మోయగలవు. పామునుగాని, పెట్టెనుగాని ముట్టుకున్న తరువాత చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఐదేళ్ల లోపు పిల్లలు, బాగా వృద్ధులు, రోగనిరోధక శక్తి తగ్గినవారు ఉన్న ఇంట్లో మరింత జాగ్రత్త అవసరం.

6.7 ఎక్కడినుంచి వచ్చింది: అడవినుంచి పట్టుకొచ్చిన పాముల ఒంటిమీద మైట్లు, గోమార్లు, కడుపులో పరాన్నజీవులు ఉంటాయి. బెదురు ఎక్కువ. పెంపకంలోనే పుట్టిన పాములు ఆరోగ్యంగా ఉంటాయి. వాటిని కొనడంవల్ల ఆరుబయట పాముల సంఖ్యకూ నష్టం ఉండదు.

7. "సులభం" అన్న మాట గురించి

పెంపకందారులు ఒక పాము సుఖంగా ఉందా లేదా అన్నది ఎక్కువగా దాని తిండినిబట్టి అంచనా వేస్తారు. ఆఫ్రికాకే చెందిన బాల్ పైథాన్ పరిసరాలు నచ్చకపోతే తిండి మానేస్తుంది. యజమానికి అదొక హెచ్చరిక. ఇంటి పాము సాధారణంగా అలా చేయదు. గూడు లేకపోయినా, వేడి సరిగా లేకపోయినా పెట్టినప్పుడల్లా తింటుంది. ఎలుకల గూడు ఎప్పుడు దొరుకుతుందో తెలియని చోట, దొరికినప్పుడు వదలకుండా తినడమే దాని బతుకుతెరువు. ఆ అలవాటు పెట్టెలోనూ పోదు. తింటోంది కాబట్టి బాగుంది అనుకోవడం ఈ పాము విషయంలో నమ్మదగిన కొలత కాదు. పెట్టినప్పుడల్లా తినడంవల్ల ఊబకాయం వచ్చే ప్రమాదం కూడా ఉంది.

రెండో సమస్య గుడ్లది. ఆరుబయట చలికాలం, ఆహారపు కొరత ఆడపాముకు విరామం ఇస్తాయి. పెట్టెలో చలి లేదు, కొరత లేదు. మగపామును అదే పెట్టెలో ఉంచితే ఆడపాము దాదాపు రెండు నెలలకొకసారి, ఏడాది పొడవునా గుడ్లు పెడుతూనే ఉంటుంది. గుడ్డు తయారుకావడానికి కావలసిన కాల్షియం, కొవ్వు, మాంసకృత్తులు ఆమె ఒంట్లోంచే పోతాయి. వెన్నెముక బయటపడేలా చిక్కిపోయి, చివరకు గుడ్డు అడ్డుపడి చిన్న వయసులోనే చనిపోయే పాములున్నాయి. మగపామును వేరుచేసినా నిలవ ఉన్న వీర్యకణాలతో గుడ్లు కొనసాగవచ్చు. అందువల్ల ఆడ, మగ పాములను మొదటినుంచే వేరుగా ఉంచాలి. ఆడపాము తగినంత వయసు, బరువు వచ్చేదాకా జతకట్టించకూడదు. విడతకూ విడతకూ మధ్య తేరుకునే వ్యవధి ఇవ్వాలి.

తేలికగా తినడం, తేలికగా పిల్లలను కనడం, ఈ రెండూ ఆరుబయట ఈ జాతిని నిలబెట్టిన గుణాలు. ఈ రెండింటినీ చూసే దాన్ని "సులభమైన పాము" అన్నారు. నియంత్రించే ప్రకృతి లేనిచోట అవే దాన్ని దెబ్బతీస్తాయి. ప్రకృతి చేసే ఆ పనిని పెంచేవారు తమ మీద వేసుకోవాలి. అది చేయలేనివారికి ఈ పాము సులభమైనది కాదు. బాధపడుతున్నా బయటికి తెలియనివ్వని పాము, అంతే.

8. మన చట్టం, మన బాధ్యత

ఈ పాఠం చదివి పామును పెంచాలన్న కోరిక ఎవరికైనా కలిగితే చట్టం ఏం చెబుతుందో తెలుసుకోవాలి. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం నాగుపాము, రక్తపింజర, జెర్రిపోతు వంటి మన పాములు రక్షిత జంతువులు. వాటిని చంపడమే కాదు, పట్టుకొని ఇంట్లో ఉంచుకోవడం కూడా నేరమే. రెండు తలల పాము అని పిలిచే పామును మహిమలున్నాయన్న ప్రచారంతో లక్షలకు అమ్మజూపి పట్టుబడినవారి వార్తలు మన పత్రికల్లో తరచు వస్తుంటాయి. దానికి రెండు తలలూ లేవు, మహిమలూ లేవు. మొద్దుగా ఉండే తోక తలలా కనిపిస్తుంది, అంతే. విదేశీ జంతువులకు దిగుమతి అనుమతులు కావాలి. అంతర్జాతీయ ఒప్పందపు జాబితాల్లో ఉన్న విదేశీ జాతులను ఉంచుకునేవారు వాటిని నమోదు చేయించాలన్న నియమాన్ని 2022 సవరణ చేర్చింది. దక్షిణ ఆఫ్రికాలో కూడా పలు రాష్ట్రాలలో స్థానిక పాములను ఉంచుకోవడానికి అనుమతిపత్రం అవసరం.

పెంచడం అందరికీ సాధ్యం కాదు, అవసరమూ లేదు. గమనించడం మాత్రం అందరికీ సాధ్యమే. ఇంటి చుట్టూ చెత్త, రాళ్లకుప్పలు లేకుండా చూడటం, ధాన్యాన్ని ఎలుకలకు అందకుండా ఉంచడం, రాత్రి టార్చి వెలుతురులో నడవడం, పాము కనిపిస్తే దూరంగా నిలబడి అటవీ శాఖకుగాని, శిక్షణ పొందిన పాములు పట్టేవారికిగాని కబురు చేయడం, ఇవన్నీ మనం చేయగల పనులు. కరిస్తే మాత్రం ఏ పామో తేల్చుకోవడానికి సమయం వృథా చేయకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

9. సారాంశం

కేప్ ఇంటి పాము లాంప్రోఫిడే కుటుంబానికి చెందిన, విషం లేని, రాత్రి తిరిగే పాము. తలమీది లేత గీతలు, నిలువు కంటిపాప దీని గుర్తులు. ఎలుకలను చుట్టి బిగించి చంపి తింటుంది. ఎలుకల వెంటే మనుషుల ఇళ్ల దగ్గరికి చేరుతుంది. ఆడపాము మగపాము కంటే పెద్దది, ఒకే కాలంలో పలుమార్లు గుడ్లు పెట్టగలదు, వీర్యకణాలను నిలవ ఉంచుకోగలదు. పెంపకంలో ఉష్ణోగ్రతా ప్రవణత, దాపు, మితాహారం, ఆడ మగ పాములను వేరుగా ఉంచడం ముఖ్యం. ఈ నియమాలన్నింటికీ ఆధారం దాని సహజ జీవనమే.

10. సమీక్ష సమాధానాలు

అ) లాంప్రోఫిడే.
ఆ) పళ్లతో పట్టుకొని, శరీరంతో చుట్టి బిగించి, రక్తప్రసరణను ఆపి చంపుతుంది.
ఇ) ఆడపాము.

11. మాదిరి పరీక్ష ప్రశ్నలు

అ. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 30 వాక్యాలలో సమాధానం రాయండి.
1. కేప్ ఇంటి పాము ఆవాసం, ఆహారం, ప్రత్యుత్పత్తి గురించి వివరించండి.
2. "పెంపకపు నియమాలు సహజ జీవనం నుంచే వస్తాయి." ఇంటి పాము ఉదాహరణతో చర్చించండి.

ఆ. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 10 వాక్యాలలో సమాధానం రాయండి.
1. ఇంటి పాముల వర్గీకరణలో 2011 పరిశోధన తెచ్చిన మార్పు ఏమిటి?
2. వీర్యకణాల నిలవ ఆరుబయట మేలు ఎలా చేస్తుంది? పెంపకంలో కీడు ఎలా చేస్తుంది?
3. పాము బాగా తింటోంది కాబట్టి ఆరోగ్యంగా ఉందనుకోవడం ఎందుకు సరికాదు?

ఇ. చేసి చూడండి.
మీ ఊళ్లో కనిపించే పాములకు వాడే పేర్లను పెద్దలనడిగి రాసుకోండి. వాటిలో ఏవి విషం ఉన్నవని ఊరివారు అనుకుంటున్నారో, నిజానికి ఏవి విషం ఉన్నవో పట్టికగా వేసి పోల్చండి. ఈ పనికోసం ఏ పామునూ పట్టుకోవద్దు, చంపవద్దు.